చెయ్యి వినిపించాలి

డెత్ మెటల్ పేరెత్తగానే మన దగ్గర ముందుగా వినిపించే మాట 'గోల'. అమలాపురంలో అయినా హైదరాబాదులో అయినా ఆ మాటలో తేడా ఉండదు. ఆ గోల లోపల ఎంత సాధన, ఎంత లెక్క దాగి ఉన్నాయో తెలిసినవాళ్ళు ఆ మాటకి నొచ్చుకోవడం ఎప్పుడో మానేశారు. ఇప్పుడు వాళ్ళ దిగులు వేరు. ప్రతి వారం ప్రపంచం నలుమూలల నుంచి కొత్త డెత్ మెటల్, బ్లాక్ మెటల్ ఆల్బమ్‌లు కుప్పలుగా వచ్చి పడుతున్నాయి. వాటిలో చాలావాటిలో మనిషి వాయించిన జాడే లేదు. ఈ సంగీతం విలువంతా శరీరం తన హద్దు దగ్గర నిలబడి పనిచేయడంలో ఉంది. ఆ ప్రయాస వినిపించని ఆల్బమ్ ఎంత నున్నగా ఉన్నా, దాన్ని ఎంత పెద్ద కంపెనీ విడుదల చేసినా, గొప్పదని రాయకూడదు. కొత్త ఆల్బమ్‌ని తేల్చడానికి ఇంతకన్నా నమ్మదగిన గీటురాయి లేదని నా వాదన.

బ్లాస్ట్ బీట్ సంగతే తీసుకోండి. సింబల్ మీద ఒక చెయ్యి, స్నేర్ మీద ఇంకో చెయ్యి, బాస్ డ్రమ్ మీద కాలు, ఊపిరి తీసుకునే సందు లేకుండా దెబ్బ వెంట దెబ్బ. నిమిషానికి 240 బీట్ల వేగంలో, బీటుకి నాలుగు దెబ్బల చొప్పున రెండు కాళ్ళతో బాస్ డ్రమ్ తొక్కితే సెకనుకి 16 దెబ్బలు పడతాయి. అదీ ఒకటీ రెండూ సెకన్లు కాదు, పాట పొడుగునా. ఈ వాయింపుకి ఆ పేరు స్థిరపడింది నేపామ్ డెత్ బ్యాండ్ డ్రమ్మర్ మిక్ హారిస్ వల్లనే అంటారు. ఆ బ్యాండ్ తొలి ఆల్బమ్ 'స్కమ్' 1987లో వచ్చింది. బ్లాస్ట్ బీట్‌ని కళగా నిలబెట్టినవాడు పీట్ సాండోవల్. మార్బిడ్ ఏంజెల్ బ్యాండ్‌లో చేరేనాటికి అతనికి రెండు కాళ్ళతో డబుల్ బాస్ వాయించడం రాదట. పట్టుబట్టి నేర్చుకుని 1989లో 'ఆల్టర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్' వాయించాడు. ఇవాళ దానికి రెట్టింపు వేగంలో వాయించేవాళ్ళని కంప్యూటర్ పుట్టిస్తుంది. కానీ ఆ ఆల్బమ్ వినండి. స్నేర్ దెబ్బ ఒకటి గట్టిగా పడుతుంది, మరొకటి మెత్తగా. ట్రే అజాగ్‌థోత్ గిటారు ఎటో వంకర తిరిగి పోతుంటే డ్రమ్స్ దాన్ని వెంటాడి పట్టుకొస్తాయి. ఆ వెంటాడటంలో ఒక తడబాటు అంచు ఉంది, పడిపోతాడేమో అనిపించే క్షణం ఉంది. పడిపోడు. ఆ ఆల్బమ్ వైభవమంతా ఆ క్షణంలోనే ఉంది.

గిటారుకీ ఇంతే కథ. స్టాక్‌హోమ్‌లో సన్‌లైట్ స్టూడియోలో తోమాస్ స్కోగ్స్‌బెర్గ్ చేతిమీదుగా 1990లో ఎంటూంబ్డ్ బ్యాండ్ 'లెఫ్ట్ హ్యాండ్ పాత్' వచ్చింది. బాస్ అనే కంపెనీ వాళ్ళ హెచ్‌ఎమ్-2 అనే చిన్న పెడల్, దాని గుండీలన్నీ చివరిదాకా తిప్పేస్తే వచ్చే రంపపుకోత శబ్దం. సామాను అంతే. మిగిలినదంతా కుర్రాళ్ళ మణికట్టు. నార్వే బ్లాక్ మెటల్ వాళ్ళు మరో దారి పట్టారు: ఒకే తీగ మీద పిక్‌ని ఆపకుండా పైకీ కిందకీ కొడుతూ స్వరాన్ని పొగలా పరిచే ట్రెమొలో పద్ధతి. మేహెమ్ బ్యాండ్ 'డి మిస్టీరీస్ డామ్ సతానాస్' ఆ పద్ధతికి శిఖరం. బెర్గెన్ నగరంలో గ్రీగ్‌హాలెన్ అనే పెద్ద కచేరీ భవనంలో రికార్డు చేసి 1994లో విడుదల చేశారు. బ్యాండ్ డ్రమ్మర్ హెల్‌హామర్ డ్రమ్స్ ఆ విశాలమైన గదిలో మోగినట్టు మరెక్కడా మోగలేదు. అందులో పాడిన హంగరీ గాయకుడు అట్టిలా చిహార్ అరవడు. మంత్రం గొణుగుతున్నట్టు, గొంతు పూడుకుపోతూ ప్రార్థిస్తున్నట్టు పాడతాడు. ఆనాటి అభిమానుల్లో కొందరికి అది మింగుడుపడలేదు. ఇప్పుడు దాన్ని మించింది చూపించమనండి! ఇక గ్రౌల్ అనే ఆ బొంగురు గొంతు. అసలు స్వరతంత్రులకు పైన ఉండే మడతలని కంపింపజేస్తూ, పొట్టలోంచి గాలిని కొలిచి వదలడం అది. సాధన లేకుండా పైపైన చేస్తే గొంతు పోతుంది. ఫిన్లాండ్ బ్యాండ్ డెమిలిచ్ 1993లో తెచ్చిన 'నెస్పిథే' ఆల్బమ్‌లో ఆంటి బోమన్ గొంతు బావి అడుగున నీళ్ళు ఉడుకుతున్నట్టు ఉంటుంది. గొంతుకి ఏ యంత్రపు మెరుగూ పెట్టలేదని వాళ్ళు అప్పుడే ప్రకటించారు. అలా ప్రకటించాల్సి వచ్చిందంటే ఆ గొంతు ఎంత నమ్మశక్యం కానిదో ఊహించుకోవచ్చు.

ఇదంతా మనది కాదు, మన చెవికి పట్టదు అనేవాళ్ళకి ముందు కోనసీమ నుంచే జవాబు చెప్పాలి. కనుమ రోజున మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. గంగలకుర్రు ప్రభలని కౌశిక నీళ్ళలోంచి భుజాల మీద దాటించేటప్పుడు 'అశ్శరభ శరభ' అని లేచే కేకకి రాగం లేదు, తాళానికి లొంగే మర్యాదా లేదు. అది బరువు మోస్తున్న ఒంటిలోంచి వచ్చే కేక. ద్రాక్షారామం వైపు వీరనాట్యంలో వీరణం మోగుతుంటే నాలుకకి నారసం గుచ్చుకుని ఆడేవాళ్ళున్నారు. భీకరం భక్తిలో భాగమని తెలిసిన నేలకి, కర్కశం సంగీతంలో భాగం కాకూడదని చెప్పడం కుదరదు. శాస్త్రీయ సంగీతం వైపు నుంచి వచ్చే అభ్యంతరానికీ ఇక్కడే జవాబుంది. రాజోలు వైపు శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ నాలుగే స్వరాలతో మహతి, లవంగి రాగాలు కట్టినప్పుడు అవి రాగాలే కావని వాదించినవాళ్ళు సామాన్యులు కారు. చించినాడ వంతెన దాటితే వచ్చే పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నప్పుడు, కరెంటు వాయిద్యంలో గమకం పలుకుతుందా అన్నారు. పలికింది. ఎందుకు పలికిందంటే, కరెంటు ధ్వనిని పెంచిందే తప్ప వేళ్ళ పని తాను చేయలేదు. నేను గీస్తున్న గీత కూడా అక్కడే. ఎలక్ట్రిక్ గిటారు మీద నాకు ఫిర్యాదు లేదు. వేళ్ళ పనిని యంత్రానికి అప్పజెప్పడం మీదే నా ఫిర్యాదు.

ఈ సంగీతం చుట్టూ జరిగిన నేరాల మాట కూడా తప్పించుకోను. 1992లో నార్వేలో ఫాంటాఫ్ట్ చెక్క చర్చిని తగలబెట్టారు. మరుసటి ఏడు మేహెమ్ గిటారిస్టు ఓయిస్టైన్ ఆర్సెత్‌ని 'డి మిస్టీరీస్ డామ్ సతానాస్'లో బాస్ గిటారు వాయించిన వర్గ్ వికెర్నెస్ హత్య చేశాడు, 21 ఏళ్ళ శిక్ష పడింది. ఆ ఆల్బమ్‌ని పొగుడుతున్నప్పుడు ఇది చెప్పకపోవడం అబద్ధమాడటమే. జాతి ద్వేషాన్ని పాటల్లో అమ్ముకునే బ్లాక్ మెటల్ బ్యాండ్లు ఇవాళ్టికీ ఉన్నాయి. వాటిని సమీక్షకి కూడా తీసుకోకూడదని నా పట్టుదల. కానీ కొందరు చేసిన నేరంతో పద్ధతి మొత్తాన్ని తూచడం న్యాయం కాదు. డెత్ బ్యాండ్‌ని నడిపిన చక్ షుల్డినర్ 1991లో 'హ్యూమన్' చేశాడు. షాన్ రైనర్ట్ డ్రమ్స్‌తో ఆ ఆల్బమ్ ఈ సంగీతంలో కొత్త వాకిలి తెరిచింది. చక్ పాటల్లో పిశాచాలు తగ్గుతూ వచ్చి మనిషి మనసూ వంచనా వేదనా నిండాయి. మెదడు కణితితో 2001లో 34 ఏళ్ళకే పోయాడు. ఈ సంగీతానికి ముఖం కావాలంటే నాకు ఆయన ముఖమే చాలు.

అసలు నేరం ఇప్పుడు స్టూడియోల్లో జరుగుతోంది. డ్రమ్మర్ వాయించినదాన్ని రికార్డు చేసి, కంప్యూటర్‌లో ప్రతి దెబ్బనీ గడిలోకి లాగి సర్దుతారు. ఆ తర్వాత స్నేర్ శబ్దాన్నే తీసేసి, ముందే సిద్ధం చేసి అమ్మే శబ్దాన్ని దాని చోట అతికిస్తారు. కొన్నిటిలో డ్రమ్మరే ఉండడు. ఆత్రేయపురంలో కుండ మీద తీసిన పూతరేకులు ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. వెయ్యి స్నేర్ దెబ్బలు కూడా అంతే ఉండాలి. అచ్చు గుద్దినట్టు వెయ్యి దెబ్బలు పడితే అది వేగం కాదు, టైపు మిషను. గిటార్లూ అంతే: పది దేశాల బ్యాండ్లు ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఒకే ఆంప్లిఫయర్ నకలుని వాడి ఒకే శబ్దం తీస్తున్నాయి. అట్ట బొమ్మ సంగతి చూడండి. 'ఆల్టర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్'కీ 'లెఫ్ట్ హ్యాండ్ పాత్'కీ బొమ్మలు గీసింది ఒక్కడే, డాన్ సీగ్రేవ్. ఆ బొమ్మల్లో మూల మూలకీ వెతుక్కుంటూ గంటసేపు గడపవచ్చు. డీసైడ్ లాంటి మూలస్తంభం 2024లో 'బానిష్డ్ బై సిన్' ఆల్బమ్‌కి ఏఐ బొమ్మ పెట్టుకుంటే కడుపు మండదా? అభిమానులు తిట్టారు, తిట్టాల్సిందే. మన తీర్థాల్లో కూడా వీరణాలూ డప్పులూ పలకాల్సిన చోట డీజే పెట్టెలు దిగుతున్నాయి. డప్పు కాచుకుని బిగించే చెయ్యి ఇంటి దగ్గర కూర్చుంటే, పెన్‌డ్రైవు ఊరేగుతోంది. ఫ్లోరిడాలో జరిగినా ముమ్మిడివరంలో జరిగినా ఈ దొంగతనం ఒక్కటే.

దీనికి తెలివైనవాళ్ళు చెప్పే ఎదురు వాదన ఒకటుంది. గాడ్‌ఫ్లెష్ బ్యాండ్ 1989లో డ్రమ్ మిషనుతోనే 'స్ట్రీట్‌క్లీనర్' చేసింది కదా, అది గొప్ప ఆల్బమ్ కాదా అంటారు. గొప్పదే, సందేహం లేదు. కానీ అక్కడ మిషను మిషనులాగే మోగుతుంది. ఫ్యాక్టరీ కనికరం లేనితనాన్ని వినిపించడానికే దాన్ని తెచ్చారు. మిషనుని మనిషిగా వేషం కట్టించి అమ్మడం వేరు. రెండో వాదన డార్క్‌థ్రోన్ బ్యాండ్ గురించి. 1994 నాటి 'ట్రాన్సిల్వేనియన్ హంగర్'ని నాలుగు ట్రాకుల పరికరం మీద గీరుడు శబ్దంతో రికార్డు చేశారు, నాసిరకం అంటే అదే కదా అని. వినండి: ఒకే డ్రమ్ నడక, రెండు మూడు స్వరాల చుట్టూ తిరిగే రిఫ్‌లు, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే గిటారు వరసలు, అయినా దృష్టి మరలదు. మహతి నాలుగు స్వరాలతో ఎలా నిలబడిందో ఇదీ అలాగే నిలబడింది. వాళ్ళు పెట్టుకున్న నియమంలోంచి ఆ చలి పుట్టింది. నేడు శుభ్రంగా రికార్డు చేసి, పైన ప్లగిన్‌తో గీరుడు పూసి, ఇదిగో పాతకాలపు బ్లాక్ మెటల్ అని అమ్మేవాళ్ళకీ వాళ్ళకీ పోలిక పెట్టడమే అన్యాయం.

ఈ గీటురాయి మీద కొత్తవాటిలో నిలిచినవి తక్కువేం కాదు. బ్లడ్ ఇన్‌కాంటేషన్ బ్యాండ్ 2024లో బెర్లిన్‌లోని హాన్సా స్టూడియోకి వెళ్ళి 'అబ్సల్యూట్ ఎల్స్‌వేర్' చేసింది. ఇరవేసి నిమిషాలు దాటిన రెండే రచనలు. డెత్ మెటల్ కుంభవృష్టి మధ్యలో సింథసైజర్ల తేట ఆకాశం తెరుచుకుంటుంది, ఐజాక్ ఫాక్ డ్రమ్స్ ఆ రెండిటి మధ్యా ఊపిరి తీసుకుంటూ నడుస్తాయి. దాన్ని మరీ సుఖంగా ఉందని తిట్టిన పాత పంథా వాళ్ళతో నేను ఏకీభవించను. అదే ఏడు న్యూజీలాండ్ బ్యాండ్ అల్సరేట్ 'కటింగ్ ద త్రోట్ ఆఫ్ గాడ్' తెచ్చింది. జేమీ సెయింట్ మెరాట్ డ్రమ్స్ వాయించే తీరు కోసమే ఆ ఆల్బమ్ పదిసార్లు వినాలి. సింబల్ మీద వేలితో తాకినట్టున్న చోటు నుంచి కొండచరియ విరిగిపడే చోటుకి ఒకే చరణంలో వెళతాడు. మాంట్రియాల్ బ్యాండ్ స్పెక్ట్రల్ వూండ్ 'సాంగ్స్ ఆఫ్ బ్లడ్ అండ్ మైర్' కొత్తదనం కోసం పాకులాడదు. నార్వే దారిలోనే నడుస్తుంది, కానీ ఆ పరుగులో నిజమైన చెమట ఉంది.

మన వైపు నుంచి హైదరాబాదు బ్యాండ్ గాడ్‌లెస్ ఉంది. 2016లో 'సెంచురీస్ ఆఫ్ డెకడెన్స్', 2018లో 'స్వార్మ్' అనే రెండు చిన్న రికార్డులు, 2021లో పూర్తి నిడివి 'స్టేట్స్ ఆఫ్ కేయాస్'. థ్రాష్ మెటల్ వేగాన్నీ డెత్ మెటల్ బరువునీ కలిపి, రిఫ్‌లో ఒక్క ముక్క వృథా చేయని బ్యాండ్ అది. సినిమా పాట తప్ప మరో సంగీతానికి వేదిక దొరకడం కష్టమైన నగరంలో నలుగురైదుగురు ఇంత క్రమశిక్షణతో నిలబడితే, వాళ్ళ మీద తెలుగులో ఒక్క పూర్తి సమీక్ష కూడా నా కంట పడలేదు. బ్యాండ్ పేరు చూసి ముఖం తిప్పుకునేవాళ్ళు వాళ్ళ గిటార్ల పొందికని ఒక్క పాట సేపు విని అప్పుడు తిప్పుకోవాలి.

ఈ సంగీతం మీద రాసేవాళ్ళందరికీ ఒక మనవి. 'క్రూరం, వినాశకరం, నరకం' లాంటి విశేషణాలు దయచేసి కట్టిపెట్టండి. వాటితో ఏ ఆల్బమూ ఇంకో ఆల్బమ్ నుంచి వేరు పడదు. డ్రమ్స్ ఎవరు వాయించారు, శబ్దం మార్చారా, గిటారు నిజమైన ఆంప్లిఫయర్ నుంచి వచ్చిందా, పాటలన్నీ ఒకే గదిలో కలిసి వాయించారా, అట్ట బొమ్మ గీసినవారి పేరేమిటి, ఇవి అడిగి రాయండి. జవాబు చెప్పని బ్యాండ్ గురించి, చెప్పలేదని రాయండి. బ్యాండ్లకీ ఒక మాట: వేగం అందకపోతే పాటని నెమ్మదిగా వాయించండి, కంప్యూటర్‌లో తోయకండి; ఆటోప్సీ బ్యాండ్ 1991లో 'మెంటల్ ఫ్యూనరల్'ని బురదలో నడిచినంత నెమ్మదిగా వాయించింది, ముప్పై ఏళ్ళు దాటినా దాని భయం తగ్గలేదు. ఇక వినేవాళ్ళు, నచ్చిన ఆల్బమ్‌ని క్యాసెట్‌గానో సీడీగానో బ్యాండ్ దగ్గరే కొనండి. ఆ డబ్బుతోనే వాళ్ళు మళ్ళీ డ్రమ్స్ పట్టేంత పెద్ద గది అద్దెకి తీసుకోగలరు.