ఏ ఎలుక?

కోనేరు సెంటర్లో ఎవరో నా చేతిలో కరపత్రం పెట్టిపోయారు. బీపీకి మూలికల పొడి. కింద ఎర్రక్షరాల్లో 'ఎలుకలపై రుజువైనది'. ఒళ్లు మండింది. ఎలుకెక్కడ, ఆవకాయ, ఉప్పుచేప లేనిదే ముద్ద దిగని బందరు మనిషెక్కడ?

ఫార్మసీ చదువుతున్న మా మేనకోడలికి చూపించాను.

"ఏ ఎలుక మావయ్యా?" అంది.

వంశపారంపర్యంగా, దానంతటదే బీపీ వచ్చే ఎలుకల జాతిని 1963లో క్యోటోలో ఒకామోటో, అవోకి తయారుచేశారట. మిగతావాటికి బీపీ తెప్పించాలి. కిడ్నీకి వెళ్లే రక్తనాళానికి వెండి క్లిప్పు బిగించడం ఒక పద్ధతి. ఒక కిడ్నీ తీసేసి, డోకా అనే హార్మోన్ ఎక్కిస్తూ ఉప్పునీళ్లు తాగించడం ఇంకొకటి. మా చిలకలపూడి గిల్టు నగల్లా పైమెరుపు ఒకటే, లోపలి లోహం వేరు. కాప్టోప్రిల్ అనే బీపీ మందు దెబ్బతీసేది కిడ్నీ వదిలే రెనిన్‌తో మొదలయ్యే దారిని. క్లిప్పు ఎలుకలో బాగా పనిచేస్తుంది. ఉప్పునీళ్ల ఎలుకలో ఆ రెనినే అడుగంటి ఉంటుంది, మందు తేలిపోతుంది. కాబట్టి ఎలుక మీద రుజువంటే తీసిపారెయ్యక్కర్లేదు. ఏ ఎలుకో చెప్పకపోతేనే అనుమానించాలి.

బీపీ కొలిచే తీరు విన్నాక ఎలుక మీద అసూయ కూడా కలిగింది. గొట్టంలోకి పంపి, తోక బయటికి ఉంచి, వెచ్చజేస్తారు. తోక మొదట్లో చిన్న పట్టీ. గాలి నింపితే నాడి ఆగుతుంది, వదులుతుంటే మళ్లీ కొట్టుకోవడం మొదలైన చోట అంకె రాసుకుంటారు. బెదిరితే అంకె పెరుగుతుందని ముందు కొన్నాళ్లు గొట్టానికి అలవాటు చేస్తారు. పలుమార్లు చూసి సగటు తీస్తారు. మనల్నో? మెట్లెక్కి రొప్పుతుండగానే చొక్కా చెయ్యి మీదనే పట్టీ చుట్టి, ఒక్కసారి చూసి, జీవితాంతం మాత్ర రాసేస్తారు.

వెళ్తూ వెళ్తూ అమ్మాయి ఇంకో మాట అంది. అమెరికాలో లూయిస్ డాల్ ఉప్పు మేత పెట్టి, బీపీ పెరిగినవాటిని ఒక వైపు, పెరగనివాటిని ఒక వైపు ఎంచి పెంచాడట. కొన్ని తరాలకే రెండు వంశాలు తేలాయి. 1962లోనే ఈ సంగతి అచ్చయింది. ఉప్పు ఒకటే, ఒకదానికి విషం, ఇంకోదానికి మేత.

మా పక్కింటాయన పెరుగన్నంలోకి కూడా ఆవకాయ వేసుకుంటాడు, ఏ డాక్టరు చూసినా బీపీ లేదంటాడు. చప్పిడి మజ్జిగ తాగే నాకు రోజూ మాత్ర. మనలో ఎవరు ఏ ఎలుకో తేల్చే పరీక్ష మామూలు ల్యాబుల్లో లేదు. అందాకా మా ఇంట్లో ఆవకాయ జాడీ అటక దిగదు. పక్కింటాయనకు మాత్రం ఇక నీతులు చెప్పను.