మార్కోపోలో లేని మోటుపల్లి

రాత్రి బస చేయకుండా పగలు వచ్చి పోయే యాత్రికుల దగ్గర వెనిస్ నగరం 2024 ఏప్రిల్ 25 నుంచి, రద్దీ రోజుల్లో, తలకు ఐదు యూరోల రుసుం వసూలు మొదలుపెట్టింది. ఆ నగరాన్ని పొద్దుగూకేలోగా చుట్టేసే ఉపాయాలు చెప్పే వ్యాసాలు మాత్రం తగ్గలేదు. ఈ వారం మరొకటి కంటబడింది. చీరాల దాటాక చినగంజాంలో రైలు దిగితే అందే మోటుపల్లి గురించి అలా ఎవరూ రాయరేమన్నది ఈ కాలమ్ పాత గొడవే. వెనిస్ వాడైన మార్కోపోలో ముత్ఫిలి అని చెప్పిన రాజ్యానికి ఆ పేరు ఈ రేవు వల్లే వచ్చిందని చరిత్రకారుల్లో ఎక్కువమంది మాట. వజ్రాలు, సాలెగూడంత పలచని బట్టలు, నలభై ఏళ్లుగా న్యాయంగా ఏలుతున్న రాణి అతని వర్ణనలో ఉన్నాయి. అంతటివాడు చెప్పాడంటే అతని పేరు చెప్పి ఈ ఊరికి జనాన్ని రప్పించవచ్చు కదా అనిపిస్తుంది.

కానీ గట్టిగా నిలదీస్తే ఆ సాక్ష్యం నిలవదు. రాణి చనిపోయిన రాజు భార్య అంటాడతను. ఆ రాణి రుద్రమే అనుకుంటే, ఆమె కాకతీయ రాజు గణపతిదేవుడి కూతురు, భార్య కాదు. చీనా నుంచి అతను తిరిగొచ్చింది 1290ల్లో, రుద్రమ 1289 నాటికే మరణించిందని చందుపట్ల శాసనం తెలుపుతోంది. లోయల్లోకి మాంసం విసిరితే గద్దలు వజ్రాలతో సహా ఎత్తుకొస్తాయన్న కథ సింద్‌బాద్ కథల్లోనూ ఉన్నదే. పైగా ఇదంతా 1298లో జెనోవా చెరలో తోటి ఖైదీ రుస్తికెల్లోకు చెప్పి రాయించినది. ఓడవాళ్ల నోట విన్నదెంతో, కంటితో చూసినదెంతో తేల్చలేం.

అదే మోటుపల్లి వీరభద్రాలయంలో, శక సంవత్సరం 1166లో, అంటే 1244-45లో, గణపతిదేవుడు వేయించిన అభయశాసనం ఉంది. తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప ఏదీ తీసుకోననీ ఆ రాజు అందులో రాయించాడు. ప్రాణం కన్నా ధనమే మేలనుకుని సముద్రం మీద పడే వర్తకుల తెగువ తనకు తెలుసంటాడు. సుంకం ముప్పయ్యో వంతు. ఆ పైన మంచిగంధం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పగడాలు, పట్టు, మిరియాలు, పోకలు, దేనికెంతో లెక్క. మిరపకాయ అందులో వెతకనక్కర్లేదు. గుంటూరు సీమకు అది పోర్చుగీసు వాళ్ల తర్వాతి చుట్టం. పాలకుడి దయను ధరల పట్టికగా మార్చి జనం చూసేచోట నిలబెట్టిన ఈ రాయి చెప్పినంత సూటిగా పోలో పుస్తకంలోని ఒక్క పుటా చెప్పలేదు. ఒక్కసారి మాటిస్తే సరిపోలేదని కూడా తెలుస్తుంది: 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అక్కడే వర్తకులకు మళ్లీ హామీ ఇవ్వాల్సివచ్చింది.

చూడటానికేముంది, రెండు గుళ్లు తప్ప, అనేవారి మాటలో నిజముంది. కాలువలూ మేడలూ లేవు. ఆ పాత లిపి చదివేవారు ఎందరు? అయితే శిథిలాల కొరత వేరు, చదివించే ఏర్పాటు లేకపోవడం వేరు. రెండోదానికి మందు చవకే: శాసనపాఠాన్నీ సుంకాల పట్టికనూ నేటి తెలుగులో పెద్దక్షరాలతో రాసిన ఒక పలక. ఇటలీ పేరు లేనిదే బయటివాళ్లు రారని పర్యాటక వ్యాపారులు అనవచ్చు. కానీ వెనిస్ చూడాలనుకునేవారు మోటుపల్లి వచ్చి వెనిస్‌ను వెతుక్కుంటే నిరాశే మిగులుతుంది. ఆ పలక మీద మార్కోపోలో అక్కర్లేదు. పూట మిగిలితే చీరాల మగ్గాల దగ్గరికి వెళ్లవచ్చు. పలచని నేత గురించి పోలో చెప్పినదాన్ని కనీసం చేత్తో తాకి తేల్చుకోవచ్చు.