నిమ్మకాయ, రాయి, పదో నంబరు పానా

గూడెం సత్యనారాయణ స్వామి గుట్ట కింద ఆగిన కార్లను చూస్తే బండి వయసు టైరు కిందే తెలిసిపోతుంది. కొత్త బండికి నిమ్మకాయ, పాత బండికి రాయి.

ఆ రాయి మీద నాకు చిన్నచూపు లేదు. 1988 మోటారు వాహనాల చట్టం కూడా దాన్ని కాదనదు. డ్రైవరు సీట్లో లైసెన్సున్న మనిషి లేకుండా బండిని రోడ్డు మీద వదలాలంటే ఇంజిన్ ఆపి బ్రేకు వెయ్యాలి, లేదా బండి దానంతటది కదలకుండా వేరే ఏర్పాటైనా చెయ్యాలి అంటుంది 126వ సెక్షన్. ఆ వేరే ఏర్పాటే మన రాయి. నా పేచీ అల్లా, రాయి అవసరం ఎందుకు పడిందో చూడకపోవడంతోనే.

లక్సెట్టిపేటలో ఎవరి దగ్గర హ్యాండ్ బ్రేకు మాటెత్తినా ఒకటే జవాబు: "ఏముందన్నా, నట్టు గుంజి బిగిస్తె అయిపోతది." అయిపోతుంది, కొన్నాళ్లకు. చాలా చిన్న కార్లలో లివర్ చుట్టూ ఉన్న కవరు తీస్తే కేబుల్ నట్టు కనిపిస్తుంది, పదో నంబరు పానాతో తిరుగుతుంది. సులువుగా చేతికందుతుంది గనక అందరూ ముందు దాని మీదే పడతారు. రోగం మాత్రం ఎక్కువసార్లు వెనక చక్రాల్లో ఉంటుంది.

మన చిన్న కార్లకు సాధారణంగా ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. లివర్ లాగితే కేబుల్ పోయి డ్రమ్ములోని షూలను విప్పారుస్తుంది, అవి డ్రమ్ముకు ఒత్తుకుంటాయి. కాలి బ్రేకు ఆయిల్‌తో దీనికి పని లేదు, ఆయిల్ మొత్తం కారిపోయినా ఇది పట్టాలి. షూ అరిగేకొద్దీ డ్రమ్ముకూ దానికీ మధ్య సందు పెరుగుతుంది. ఆ సందును ఎప్పటికప్పుడు మూయడానికి లోపల ఒక అడ్జస్టర్ ఉంటుంది. దుమ్ముకో తుప్పుకో అది బిగుసుకుంటే లివర్ నెత్తికెక్కుతుంది, కాలి బ్రేకు కూడా లోతుకు దిగుతుంది. రెండూ కలిసి కనిపిస్తే నట్టు జోలికి పోకూడదు. అప్పుడు కేబుల్‌ను బిగిస్తే షూలు పూర్తిగా వెనక్కి రావు, అడ్జస్టర్‌కు ఆడే చోటు ఉండదు. బండి నడుస్తున్నంతసేపూ షూ రాసుకుంటూ డ్రమ్ము కాలుతుంది, మైలేజీ పడిపోతుంది. కేబుల్ బిగించి షూ సంగతి దాచిపెట్టడాన్ని నేను రిపేరు అనను.

అందుకే నా వరస వేరు. చదునైన గచ్చు మీద ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు (ఇక్కడ రాయి తప్పనిసరి), వెనక భాగం లేపి స్టాండ్ల మీద నిలపడం. ఒట్టి జాకీని నమ్మి బండి కిందికి చెయ్యి పెట్టేవాడికి నేను సాయం పట్టను. లివర్ పూర్తిగా దించి డ్రమ్ము ఊడదియ్యాలి. రానని మొరాయిస్తే, చాలా బండ్లకు డ్రమ్ము మీదే రెండు మర బెజ్జాలుంటాయి. వాటిలో బోల్టులు సమంగా బిగిస్తూ పోతే డ్రమ్ము తనే బయటికొస్తుంది, సుత్తి అక్కర్లేదు. లోపలి పొడిని నోటితో ఊదకూడదు, పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. తడిగుడ్డ చాలు. లైనర్ మందం, ఆయిల్ చెమ్మ, అడ్జస్టర్ కదలిక చూసి, డ్రమ్ము బిగించి, కాలి బ్రేకు నాలుగైదు సార్లు తొక్కాలి.

చాలాసార్లు లివర్ అక్కడికే కిందికొస్తుంది. ఇంకా వదులుంటేనే నట్టు, అదీ సగం చుట్టు చొప్పున. ఎన్ని క్లిక్కులకు పట్టాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, పక్కింటి బండి లెక్క మనకు పనికిరాదు. లివర్ దించితే రెండు చక్రాలూ తేలిగ్గా తిరగాలి, ఎత్తితే రెండూ ఒకేసారి బిగియాలి. ఒకటి పట్టి ఇంకొకటి జారుతుంటే ఆ పక్క కేబుల్ తొడుగులో తుప్పు పట్టిందేమో చూడాలి. దానికి బిగింపు మందు కాదు, కొత్త కేబులే.

ఆఖరి పరీక్ష వాలు మీద. దానికి గోదావరి రేవు మాత్రం వద్దు, బండికి నదీస్నానం 2027 పుష్కరాలకు చేయించవచ్చు. ఖాళీగా ఉన్న ఏ చిన్న ఎక్కుడు దారైనా సరే, కాలు పెడల్ మీద నుంచి మెల్లగా తియ్యాలి. వానకాలంలో బండిని రోజుల తరబడి కదపకుండా ఇంటి ముందు ఉంచేవాళ్లు మాత్రం హ్యాండ్ బ్రేకు వెయ్యకండి, షూలు డ్రమ్ముకు అతుక్కుపోతాయి. గేరులో పెట్టి, టైరు కింద రాయి పెట్టండి.