ఒకరికి ఈల, ఒకరికి కిరీటం

హోటల్ గదిలో ఒంటరిగా కూర్చుని ప్రొఫెసర్ పార్కిన్ ఏదో గొణుక్కుంటూ ఉంటాడు. సగం మాటలు గొంతులోనే ఆగిపోతాయి, మిగిలిన సగం మనకు అర్థం కావు. తనకు తానే సభ, తానే శ్రోత. పార్కిన్‌గా వేసిన మైకేల్ హోర్డర్న్ ఆ గొణుగుడుతోనే మనిషినంతా చూపించేశాడు. 1968లో జొనాథన్ మిల్లర్ బీబీసీకి తీసిన ‘విజిల్ అండ్ ఐ విల్ కమ్ టు యూ’లో నాకు అన్నిటికంటే గుర్తుండేది అదే. సముద్రపు కోతకు గురైన శ్మశానంలో అతనికి ఎముకతో చేసిన ఈల దొరుకుతుంది. ఊదుతాడు. గాలి లేస్తుంది. చివరికి పక్క మంచం మీది దుప్పటి లేచి నిలబడితే, అంత వాదించే నోటికి మాట రాక పసివాడిలా మూలుగుతాడు.

నాలుగేళ్ళ తర్వాత, 1972 క్రిస్మస్‌కు ముందు రాత్రి, అదే బీబీసీలో లారెన్స్ గార్డన్ క్లార్క్ తీసిన ‘ఎ వార్నింగ్ టు ది క్యూరియస్’ వచ్చింది. మొదటిదానిలాగే ఇదీ దయ్యాల కథల రచయిత ఎం.ఆర్. జేమ్స్ కథే, ఇదీ ఇంగ్లండు తూర్పు తీరమే. మిల్లర్‌ది నలుపు తెలుపు, క్లార్క్‌ది రంగులు. ఆ తేడా పెద్దదేమీ కాదు. క్లార్క్ రంగులు కూడా చలికి వెలిసిపోయినట్టే ఉంటాయి.

అసలు తేడా తవ్వినవాడిలో ఉంది. పార్కిన్‌కి జీతముంది, హోదా ఉంది, సెలవులున్నాయి. అతను పోగొట్టుకున్నది తన తెలివి మీద నమ్మకం. పీటర్ వాన్ వేసిన పాక్స్టన్ ఉద్యోగం పోయిన గుమాస్తా. జేమ్స్ కథలో పాక్స్టన్ కుర్రవాడు. క్లార్క్ అతన్ని నడివయసు నిరుద్యోగిని చేశాడు. ఆ ఒక్క మార్పుతో కథ బరువు పెరిగింది. శత్రువులు దిగకుండా తీరాన్ని కాపాడుతుందని పాతిపెట్టిన సాక్సన్ కిరీటం దొరికితే, నలుగురూ తన పేరు చెప్పుకుంటారని అతని ఆశ. దురాశ అనడానికి నాకు నోరు రాదు.

కాపలావాడు విలియం ఏగర్ మరీ దగ్గరివాడనిపిస్తాడు. లంకెబిందెల మీద పాము కాపలా ఉంటుందని విని పెరిగినవాళ్ళం కదా. కానీ ఏగర్ పాము కాదు, మనిషి. తరతరాలుగా కిరీటాన్ని కాచిన ఇంట్లో చివరివాడు. తన తర్వాత బాధ్యత అందుకోవడానికి ఎవరూ లేకుండా క్షయతో పోయాడు. అందుకే చచ్చినా డ్యూటీ దిగలేదు. సముద్రం ఒడ్డున సరుగుడు తోటలా బారులు తీరిన పైన్ చెట్ల మధ్య, దూరంగా, నల్లగా ఒక ఆకారం. దగ్గరకు రాదు, పోదు. దాని దగ్గు మాత్రం వినిపిస్తుంది. దయ్యానికి ఊపిరితిత్తుల జబ్బు! నాకు మిల్లర్ దుప్పటి కంటే ఆ దగ్గే ఎక్కువ రోజులు వెంటాడింది.

మిల్లర్ సినిమాను పార్కిన్ బుర్రలో పుట్టిన భయమనుకోవచ్చు. అలా అనుకునే వీలు ఆయన కావాలనే ఉంచాడు, నేర్పుగా ఉంచాడు. ఒప్పుకుంటాను. కానీ ఆ వీలు మనల్ని కాస్త రక్షిస్తుంది కూడా. క్లార్క్ ఆ దారి మూసేశాడు. పాక్స్టన్ తప్పు తెలుసుకుంటాడు, హోటల్లో పరిచయమైన డాక్టర్ బ్లాక్ సాయంతో రాత్రిపూట వెళ్ళి కిరీటాన్ని తీసిన చోటే పెట్టి మట్టి కప్పుతాడు. లెక్క సరిపోయిందనుకుంటాం. ఏగర్ మాత్రం ఇంకా ఆ చెట్ల మధ్యే ఉన్నాడు.