పలకని తాళం చెవి

ఈ వారం నాకు కోపం తెప్పించింది ఒక ఫోను. ఖమ్మం నుంచి మా మేనకోడలు చేసింది. "మావయ్యా, కారు రిమోట్ ఎంత నొక్కినా పలకట్లేదు. సర్వీస్ సెంటర్ వాళ్లకి చెబితే తాళం మొత్తం మార్చాలి, పద్దెనిమిది వేలవుతుంది, బండిని లాగించుకుని తీసుకురండి అంటున్నారు" అంది. అవతలివాళ్లు తాళం చూడలేదు. ఎప్పటినుంచి ఇలా ఉంది అని కూడా అడగలేదట. మరమ్మతు చేసేవాడు ప్రశ్న వేయకుండా ధర చెప్పడం నేను సహించలేను. ఈ కాలమ్‌ని మొదటినుంచీ చదువుతున్నవాళ్లకి ఆ సంగతి బాగా తెలుసు.

"రెండో తాళం దగ్గరుందా అమ్మా?"

"ఇంట్లో బీరువాలో ఉంది మావయ్యా. నేను కూరగాయల మార్కెట్ దగ్గరున్నాను."

"పోనీ, పూర్తిగా ఆగిపోకముందు ఎలా పనిచేసింది?"

"కొన్నాళ్లుగా డోరు పక్కనే నిలబడి నొక్కితే గానీ తెరుచుకోవట్లేదు."

ఆ జవాబుతో సగం పని అయిపోయింది. దూరం తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఆగిందంటే లోపలి సెల్ నీరసించింది. నిన్నటిదాకా బాగుండి ఇవాళ ఒక్కసారిగా ఆగితే మాత్రం అనుమానం వేరే దారి పట్టాలి. కింద పడిందా? తడిసిందా? అసలు కారు బ్యాటరీయే దిగిపోయిందా? తలుపు తీశాక లోపలి లైటు వెలగకపోతే, హారన్ మోగకపోతే, తాళాన్ని అనడం అన్యాయం.

రిమోట్ అంచున ఉండే చిన్న మీట జరిపి, లోపల దాచిన ఇనుప తాళాన్ని బయటికి లాగమన్నాను. డ్రైవర్ వైపు హ్యాండిల్ దగ్గర దానికో రంధ్రం ఉంటుంది, కొన్ని కార్లలో దానిమీద మూత కూడా. అలారం మోగితే కంగారు పడకు అని ముందే చెప్పాను. తలుపు తెరిచింది. బ్రేకు తొక్కి, రిమోట్‌తోనే స్టార్ట్ బటన్ నొక్కమన్నాను. ఇంజిన్ స్టార్టయింది. దారిలో గడియారాల షాపు దగ్గర ఆగి సెల్ వేయించుకుని ఇంటికెళ్లింది.

"సెల్ పోయినా బండి ఎలా స్టార్టయింది మావయ్యా?" అని రాత్రి మళ్లీ ఫోన్ చేసి అడిగింది. ఈ ప్రశ్నకి నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ చిన్న డబ్బాలో రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. తలుపు తెరిచే బటన్ సెల్ మీద ఆధారపడుతుంది. మన దేశంలో ఎక్కువ కార్ల రిమోట్లు 433.92 మెగాహెర్ట్జ్ దగ్గర సంకేతం పంపుతాయి, అమెరికాలో ఎక్కువగా 315 దగ్గర. ఇంజిన్‌కి అనుమతి ఇచ్చే చిప్ వేరు. కారులోని తీగచుట్ట 125 కిలోహెర్ట్జ్ దగ్గర అయస్కాంత క్షేత్రం పుట్టిస్తే, చిప్ ఆ శక్తితోనే మేలుకుని తన గుర్తింపు చెబుతుంది. దానికి సెల్ అక్కర్లేదు, బాగా దగ్గరికి తెస్తే చాలు. కొన్ని కార్లలో ఆనించే చోటు స్టార్ట్ బటన్ కాదు, గేరు పక్కనో కప్పు పెట్టుకునే గుంటలోనో ఉంటుంది. మాన్యువల్‌లో బొమ్మ వేసి మరీ చూపిస్తారు.

అంటే మన జేబులో ఉన్నది ఒక రేడియో. ఆ మాట అనుకోగానే మనసు తెనాలి వెళ్లిపోయింది.

బోసు రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో రేడియో రిపేరు షాపు ఉండేది. ఆయన్ని అందరం రేడియో మాస్టారు అనేవాళ్లం. వేసవి సెలవులన్నీ నేను ఆయన బల్ల పక్కనే. మర్ఫీ, బుష్, ఫిలిప్స్ సెట్లు గోడవారగా వరస కట్టి ఉండేవి. ఎవరైనా సెట్టు తెస్తే మాస్టారు దాన్ని ముట్టుకునేవారు కాదు. తెచ్చిన మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి మాట్లాడించేవారు. "ఆగేముందు గరగర వచ్చిందా అండీ? ఒక్క స్టేషనే పోయిందా, అన్నీ పోయాయా? వేరే గదిలో పెట్టి చూశారా?" విజయవాడ వినిపిస్తూ దూరపు స్టేషన్లు మాత్రం పోతే ఏరియల్ సంగతి చూసేవారు. ఏదీ రాకపోతే డయల్ దీపం వైపు చూసేవారు. అది కూడా వెలగకపోతే వెతకడం గోడ ప్లగ్గు దగ్గర మొదలయ్యేది. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేది ఇవన్నీ అయ్యాకే.

ఒకసారి బియ్యం మిల్లు దగ్గరుండే ఆయన ఒకరు సెట్టు తెచ్చారు. పొద్దున బాగా పాడుతుంది, సాయంత్రమైతే గొంతు పోతుంది. అంతకుముందు ఇంకొకచోట వాల్వులు మార్పించి డబ్బు పోసుకున్నారు కూడా. మాస్టారు ఒక్కటే అడిగారు: "సాయంత్రం మీ ఇంట్లో బల్బు ఎలా వెలుగుతుందండీ?" ఎర్రగా, గుడ్డిగా వెలుగుతుందన్నారు. వీధి మొత్తం దీపాలు వేసే వేళకి కరెంటు వోల్టేజి పడిపోతోంది. సెట్టులో ఏ జబ్బూ లేదు. మాస్టారు వెనక అట్ట కూడా విప్పలేదు, పైసా తీసుకోలేదు. ఆ మనిషిని పంపేశాక నాతో అన్నారు: "చెడిపోయింది ఎప్పుడూ చేతిలో ఉన్న వస్తువే కానక్కర్లేదురా. ఇంకోటి, ఒకసారికి ఒక్కటే మార్చు. రెండు మార్చి బాగైతే ఏది చెడిందో నీకెప్పటికీ తెలీదు."

కారు తాళం విషయంలో నేను ఈ రెండు మాటలు దాటి ఎక్కడికీ పోలేదు. ఒకే పార్కింగ్‌లో పలకక, వీధి మలుపు తిరిగాక పలికితే రిమోట్ విప్పొద్దు. గేట్ల రిమోట్లు, షట్టర్ల రిమోట్లు చాలా అదే 433 దగ్గర పనిచేస్తాయి, ఏదో ఒకటి అడ్డుపడుతోంది. రెండో తాళం పలికితే లోపం మొదటిదానిలో. రెండూ పలకకపోతే లోపం కారులో ఉండొచ్చు. సెల్ మార్చేటప్పుడు పాతదాని మీది అంకె చూసే కొనండి. 2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. అది లేదని 2025 అంటగడితే దాని మందం 2.5 మాత్రమే, బిగువుగా కూర్చోక ఒకసారి పలికి ఒకసారి మొరాయిస్తుంది. మల్టీమీటర్ 3 వోల్టులు చూపించిందని పాత సెల్‌ని నమ్మొద్దు. ఊరికే ఉన్నప్పుడు నిలబడే సెల్ బటన్ నొక్కిన క్షణంలో కుంగిపోగలదు. కొత్త సెల్ వేశాక కూడా ఒకే బటన్ పలకకపోతే, రబ్బరు కింద బుల్లి స్విచ్ అరిగో, టంకం ఊడో ఉంటుంది. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళితే అలాంటి స్విచ్ కొన్ని రూపాయలకే దొరుకుతుంది.

ఇక్కడికి వచ్చేసరికి నేను ఏం రాయబోతున్నానో పాత పాఠకులు ఊహించే ఉంటారు. ఇనుప తాళమే నయం, ఫుట్‌పాత్ మీద ఆకురాయి పట్టుకు కూర్చున్నాయన నిమిషాల్లో డూప్లికేట్ చేసిచ్చేవాడు, కొత్త రిమోట్‌ని కారుతో జతచేసే పని మాత్రం కంపెనీ గుప్పిట్లో ఎందుకుండాలి అని. ఆ వాదనతోనే కలం పట్టాను. కానీ మా నాన్నగారి అంబాసిడర్ అడ్డొచ్చింది. అరిగిపోయిన దాని తాళం చెవితో మా ఊరి డాక్టరుగారి అంబాసిడర్ తలుపు తెరుచుకోవడం నేను కళ్లారా చూశాను. ఆ తాళానికి తన యజమాని ఎవరో తెలియదు.

ఈ రిమోట్‌కి తెలుసు. రోజుకో కాగితం చించే గోడ క్యాలెండర్ ఒకటి తాళం దగ్గర, అచ్చం అలాంటిదే మరొకటి కారు దగ్గర ఉన్నాయనుకోండి. నొక్కిన ప్రతిసారీ తాళం ఒక కాగితం చించుతుంది. కారు ఇవాళ్టి తేదీని ఒప్పుకుంటుంది, కాస్త ముందు తేదీనీ ఒప్పుకుంటుంది, చించేసిన తేదీని మాత్రం ససేమిరా ఒప్పుకోదు. దొంగ ఎవడైనా గాలిలో ఆ సంకేతాన్ని పట్టి దాచుకుని తర్వాత వినిపించినా తలుపు తెరుచుకోదు. పిల్లలు ఇంట్లో కూర్చుని అదేపనిగా నొక్కితే తాళం మరీ ముందుకు వెళ్లిపోయి కారుకి అర్థం కాకుండా పోతుంది. రెండింటినీ మళ్లీ కలిపే పద్ధతి చాలా కార్ల మాన్యువల్‌లోనే ఉంటుంది. ఇది ఛేదించరానిదని నేననను. ఇలాంటి కోడ్‌లలో పేరున్న కీలాక్‌ని 2008లో జర్మనీలోని బోకుమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఛేదించారు. అయినా ఇంజిన్‌ని ఆపి ఉంచే చిప్ ఎంత అవసరమో యూరప్ ముందే గుర్తించి, 1998 నుంచి కొత్త కార్లకి తప్పనిసరి చేసింది.

కాబట్టి కొత్త తాళాన్ని కారుతో జతచేయడం కష్టంగానే ఉండాలి. ఆర్‌సీ అడగాలి, గుర్తింపు కార్డు అడగాలి, ఉన్న తాళాలన్నీ తెమ్మనాలి. అలా అడిగే షాపుని నేను మెచ్చుకుంటాను. నా పేచీ అంతా సెల్, స్విచ్, పగిలిన డొప్ప గురించే. అవి పోయినందుకు తాళం మొత్తానికి ధర కట్టడం దోపిడీ. బిల్లు కట్టేముందు "ఏది చెడిందో చూపించండి" అని అడగండి. బీరువాలోని రెండో తాళాన్ని అప్పుడప్పుడూ బయటికి తీసి కారు దగ్గర నొక్కి చూడండి, దాని సెల్ కూడా లోపల వయసుమీరుతూనే ఉంటుంది.

చివరిగా, చిన్నపిల్లలున్న ఇళ్లవాళ్లకి ఒక విన్నపం. తీసేసిన ఆ బిళ్ల సెల్‌ని బల్లమీద వదలొద్దు. రిమోట్‌కి చాలనిది పసివాడి గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేయగలదు. రెండు వైపులా టేపు అంటించి పైన పెట్టండి. మింగినట్టు అనుమానం వచ్చినా చాలు, లక్షణాల కోసం చూడకుండా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పరుగెత్తండి.