రాతపూర్వక ప్రశ్నలు – వాణిజ్య శాఖపై పార్లమెంటు నిఘా: ఒక విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకూ, లేని ప్రశ్నకూ తేడా చెప్పగలుగుతారు.
• మిర్చి, పత్తి వంటి పంటల విషయంలో ఏ ప్రశ్న ఏ శాఖకు చెందుతుందో గుర్తించగలుగుతారు.
• మంత్రి ఇచ్చిన రాతపూర్వక జవాబును విమర్శనాత్మకంగా చదవగలుగుతారు.

1. ప్రవేశిక

దాచేపల్లి మండలంలో మిర్చి వేసిన రైతు కాయను కల్లంలో ఎండబెట్టి, తాలు ఏరించి, టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకు పంపుతాడు. అక్కడ ధర ఎందుకు పడిందని అడిగితే "ఎగుమతులు లేవు" అన్న మాట వినిపిస్తుంది. అది నిజమో కాదో రైతుకు తెలిసే దారి లేదు. ఏ నెలలో, ఏ దేశానికి, ఎంత మిర్చి వెళ్లిందో ఢిల్లీలోని వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వ శాఖకు తెలుసు. సుగంధ ద్రవ్యాల బోర్డు ఆ శాఖ కిందే పనిచేస్తుంది. ఆ శాఖ చేత రాతపూర్వకంగా జవాబు చెప్పించే అధికారం పార్లమెంటు సభ్యులకు ఉంది. దాచేపల్లి నరసరావుపేట లోక్‌సభ నియోజకవర్గంలో ఉంది కనుక, అక్కడి రైతు వేసిన ఓటులో ఈ అధికారం కూడా ఇమిడి ఉంది.

ఈ అధికారం ఆచరణలో ఎంతవరకు పనిచేస్తోంది? రాతపూర్వక ప్రశ్న మంచి సాధనమే. అయితే ఒకే పంట పనిని అనేక శాఖలు పంచుకున్నందువల్ల, అబద్ధం ఆడకుండానే అసలు సంగతి చెప్పకుండా ఉండే వీలు ప్రతి శాఖకూ దొరుకుతోంది. ఆ వీలును తగ్గించగలిగేవి రెండే: ప్రశ్నను కూర్చిన తీరు, జవాబును చదివే మనుషులు. ఈ పాఠంలోని వాదన ఇదే.

2. పద్ధతి – క్లుప్తంగా

లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నలు జాబితాకెక్కుతాయి. వాటికి మంత్రి నోటితో జవాబు చెబుతారు, సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. సమయం చాలక వీటిలో కొన్నే సభలో చర్చకు వస్తాయి. మిగిలినవాటి జవాబులను సభ సమక్షంలో ఉంచుతారు. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నలు రోజుకు 230 వరకు ఉంటాయి. వీటికి జవాబు రాతపూర్వకంగానే వస్తుంది, అనుబంధ ప్రశ్నలకు తావు లేదు. రాజ్యసభలో ఈ సంఖ్యలు 15, 160. ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. లోక్‌సభ నియమాల ప్రకారం ప్రశ్న 150 పదాలు దాటరాదు, అభిప్రాయం అడగరాదు, ప్రధానంగా కేంద్ర ప్రభుత్వ బాధ్యత కాని విషయాన్ని అడగరాదు. ఈ చివరి నియమాన్ని గుర్తుపెట్టుకోండి. తరువాత దీనితో మనకు పని ఉంది.

రాతపూర్వక ప్రశ్నను రెండో తరగతి సాధనంగా చూడకండి. 2020 వర్షాకాల సమావేశాల్లో కోవిడ్ కారణంగా ప్రశ్నోత్తరాల సమయాన్ని రద్దు చేసినప్పుడు సభ్యులకు మిగిలిన ప్రశ్న ఇదే. నోటిమాటలో దొరకని రెండు లక్షణాలు దీనికి ఉన్నాయి: పట్టికలతో వివరంగా అంకెలు రాబట్టవచ్చు, తేదీ వేసిన జవాబు శాశ్వతంగా రికార్డులో ఉంటుంది. ప్రశ్నకు విలువ ఉన్నది కనుకనే దాన్ని అమ్ముకున్న వాళ్లూ ఉన్నారు. డబ్బు తీసుకుని ప్రశ్నలు వేశారన్న ఆరోపణ మీద 2005 డిసెంబరులో 11 మంది సభ్యులను పార్లమెంటు బహిష్కరించింది.

3. ఒక పంట, అనేక శాఖలు

రాజ్యాంగం ఏడో షెడ్యూలు తెరచి చూడండి. విదేశీ వాణిజ్యం కేంద్ర జాబితాలో 41వ అంశం. వ్యవసాయం రాష్ట్ర జాబితాలో 14వ అంశం. మార్కెట్లు, సంతలు అదే జాబితాలో 28వ అంశం. అంటే కల్లంలో ఉన్న మిర్చి, యార్డుకు చేరిన మిర్చి రాష్ట్రానివి. ఓడ ఎక్కిన మిర్చి కేంద్రానిది. రైతుకు మాత్రం మూడూ ఒకటే పంట.

2025 ఆరంభంలో జరిగినది చూడండి. మిర్చి ధరలు అంతకుముందు సంవత్సరాలతో పోలిస్తే బాగా పడిపోయాయి. మిర్చికి కనీస మద్దతు ధర లేదు కనుక, ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయల ధరను ఆమోదించింది. మార్కెట్ ధర అంతకన్నా తగ్గితే ఆ తేడాను కేంద్రం, రాష్ట్రం చెరి సగం భరించి రైతుకు చెల్లించాలి. అదీ రాష్ట్ర ఉత్పత్తిలో 25 శాతం వరకే. ఈ నిర్ణయం వ్యవసాయ శాఖది. ఎగుమతుల లెక్క వాణిజ్య శాఖది. యార్డులో తూకం, కమీషన్, చెల్లింపు రాష్ట్రానివి.

ఇప్పుడు "మిర్చి ధర ఎందుకు పడింది?" అని ఒక సభ్యుడు వాణిజ్య శాఖను అడిగాడనుకోండి. ఎగుమతుల పట్టిక ఇచ్చి, ధర సంగతి తన పరిధిలోనిది కాదని ఆ శాఖ చెప్పవచ్చు. వ్యవసాయ శాఖ పథకం నిబంధనలు వివరించి, అమలు రాష్ట్రానిదని చెప్పవచ్చు. రెండు జవాబులూ నిజమే. ఎగుమతి తగ్గినందువల్ల యార్డులో ధర పడిందా, లేక ఆ పేరు చెప్పి ధర తగ్గించారా అన్నది మాత్రం రెండు శాఖల నడుమ సందులో పడిపోయింది. రైతుకు కావలసినది ఆ ఒక్క ముక్కే.

పత్తిలో ఈ చీలిక ఇంకా స్పష్టం. మద్దతు ధర వ్యవసాయ శాఖ ద్వారా నిర్ణయమవుతుంది. 2025-26లో పొడవు పింజ పత్తికి అది క్వింటాకు 8,110 రూపాయలు. కొనే భారత పత్తి సంస్థ జౌళి శాఖ కింద ఉంది. తేమ 12 శాతం దాటితే ఆ సంస్థ కొనదు. దిగుమతి సుంకం ఆర్థిక శాఖ చేతిలో ఉంది. 2025 ఆగస్టులో పత్తి మీద 11 శాతం సుంకాన్ని ఎత్తివేసి, ఆ మినహాయింపును డిసెంబరు 31 వరకు పొడిగించారు. సరిగ్గా కొత్త పత్తి మార్కెట్‌కు వచ్చే కాలం అది. సుంకం ఎత్తివేత, మద్దతు ధర, తేమ నిబంధన కలిసి పల్నాడు రైతు చేతికి వచ్చే ధరను ఏం చేశాయో ఒకేచోట చెప్పే బాధ్యత ఏ ఒక్క శాఖకూ లేదు.

4. పసుపు బోర్డు నేర్పే పాఠం

వాణిజ్య శాఖ రాతపూర్వక జవాబులను అర్థం చేసుకోవడానికి నిజామాబాద్ పసుపు మంచి ఉదాహరణ. ప్రత్యేక బోర్డు కావాలన్నది అక్కడి రైతుల చిరకాల కోరిక. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీ చేశారు. వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులే. అయినా 2023 మార్చిలో వాణిజ్య శాఖ లోక్‌సభకు ఇచ్చిన రాతపూర్వక జవాబు ఏమిటి? పసుపుకు గాని, మరే సుగంధ పంటకు గాని విడిగా బోర్డు పెట్టే ప్రతిపాదన లేదన్నది. ఏడు నెలలు తిరగకుండానే, 2023 అక్టోబరు 1న ప్రధానమంత్రి మహబూబ్‌నగర్ సభలో జాతీయ పసుపు బోర్డును ప్రకటించారు. మూడు రోజులకు నోటిఫికేషన్ వచ్చింది. 2025 జనవరి 14న బోర్డు ప్రారంభమైంది.

దీన్ని బట్టి రాతపూర్వక ప్రశ్న వృథా అనవచ్చా? అలా అనడం తొందరపాటు. రెండు సంగతులు విడదీసి చూడాలి.

మొదటిది, "ప్రతిపాదన లేదు" అన్న జవాబు ఆ తేదీకి మాత్రమే సంబంధించినది. అది రేపటి గురించి ఏమీ చెప్పదు. జవాబును తేదీతో కలిపి చదవడం అందుకే అవసరం.

రెండవది, బోర్డును తెచ్చింది ప్రశ్న కాదు, రైతుల రాజకీయ ఒత్తిడి. కాని ప్రభుత్వం ఏ మాట మీద నిలబడిందో, ఎప్పుడు మారిందో ఈ రోజు మనం తేదీలతో సహా చెప్పగలుగుతున్నామంటే అది ఆ రాతపూర్వక జవాబు పుణ్యమే. ప్రశ్న ప్రభుత్వాన్ని కదిలించకపోవచ్చు. ప్రభుత్వం ఎక్కడ నిలబడి ఉందో గుర్తు పెడుతుంది. పొలానికి గట్టు రాయి ఎలాంటిదో ఇదీ అలాంటిదే: గట్టు జరిగిందని చెప్పాలంటే ముందు రాయి పాతి ఉండాలి.

5. జవాబుల భాషను చదవడం ఎలా?

మంత్రిత్వ శాఖల జవాబుల్లో పదే పదే కనిపించే కొన్ని పోకడలను గమనించండి.

(అ) కలిపి చెప్పడం: ప్రశ్నలో ఎ, బి, సి, డి అని నాలుగు భాగాలుంటే జవాబు "ఎ నుంచి డి వరకు" అని ఒకే పేరాగా వస్తుంది. ఏ భాగానికి జవాబు రాలేదో పైకి కనిపించదు. ప్రశ్నను పక్కన పెట్టుకుని భాగాల వారీగా టిక్కు పెట్టుకుంటూ చదవండి. టిక్కు పడని చోటే అసలు సంగతి ఉంటుంది.

(ఆ) "ఉత్పన్నం కాదు": మొదటి భాగానికి "లేదు" అని చెబితే మిగిలినవన్నీ ఉత్పన్నం కావు. 2020 సెప్టెంబరులో, లాక్‌డౌన్ కాలంలో ఇళ్లకు వెళుతూ మరణించిన వలస కార్మికుల గురించి అడిగినప్పుడు కార్మిక శాఖ అలాంటి లెక్క తమ దగ్గర లేదన్నది. లెక్క లేదు కనుక పరిహారం ప్రశ్నే రాదన్నది. లెక్క పెట్టకపోవడమే బాధ్యత తప్పించుకునే మార్గం కాగలదని ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ అరుదు.

(ఇ) "ఎప్పటికప్పుడు చర్యలు తీసుకుంటోంది": "పరిశీలనలో ఉంది", "సమాచారం సేకరిస్తున్నాం" అన్న మాటలను హామీలుగా లెక్కిస్తారు. వాటిని మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేర్చారో లేదో చూడడానికి లోక్‌సభలో 1953 నుంచి, రాజ్యసభలో 1972 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. "చర్యలు తీసుకుంటోంది" అంటే మాత్రం పని జరుగుతూనే ఉన్నట్టు, కొత్తగా మాట ఇచ్చినది ఏమీ లేనట్టు. కాలం గాని, అంకె గాని లేని వాక్యాన్ని ఏ కమిటీ పట్టుకోగలదు?

6. లోపం అడిగేవారిలోనూ ఉంది

తప్పంతా శాఖల మీదే నెట్టడం న్యాయం కాదు. "మిర్చి రైతులు గిట్టుబాటు ధర లేక నష్టపోతున్న సంగతి ప్రభుత్వం దృష్టికి వచ్చిందా? వస్తే ఏ చర్యలు తీసుకున్నారు?" అన్న తరహా ప్రశ్న పత్రికలో వార్తగా బాగుంటుంది. కాని అది శాఖకు వరం. పథకాల పేర్లు వరసగా రాసి జవాబు ముగించవచ్చు.

మంచి ప్రశ్నకు మూడు ఉండాలి: స్థలం, కాలం, పోలిక. అదే విషయాన్ని ఇలా విడదీసి చూడండి.

వాణిజ్య శాఖకు: (ఎ) 2023-24, 2024-25 సంవత్సరాల్లో ఎండు మిర్చి ఎగుమతి నెలవారీగా, దేశాల వారీగా ఎంత? (బి) నాణ్యత కారణంగా తిరిగి వచ్చిన సరుకు ఎంత, అందులో ఆంధ్రప్రదేశ్‌ది ఎంత? (సి) పల్నాడు జిల్లా ఎడ్లపాడు మండలంలోని సుగంధ ద్రవ్యాల పార్కులో ఇచ్చిన స్థలాలెన్ని, నేడు పనిచేస్తున్న యూనిట్లెన్ని?

వ్యవసాయ శాఖకు: (ఎ) 2025లో ఆమోదించిన 11,781 రూపాయల ధర కింద జిల్లాల వారీగా ఎంతమంది రైతులకు, ఎంత చెల్లించారు? (బి) వారిలో కౌలు రైతులు ఎందరు? (సి) ఒక్కరికీ చెల్లించకపోతే కారణం ఏమిటి?

యార్డులో తూకం, చెల్లింపుల ప్రశ్న పార్లమెంటుకు పంపితే నియమాల కింద తిరస్కరిస్తారు. అది శాసనసభలో గురజాల సభ్యుడు వేయవలసిన ప్రశ్న. ఈ మూడు ప్రశ్నలూ ఒకే నెలలో వేయించి, మూడు జవాబులనూ పక్కపక్కన పెడితే, శాఖల నడుమ సందులో పడిపోయిన సంగతి బయటికి వస్తుంది. నెలవారీ ఎగుమతి తగ్గని నెలలో యార్డు ధర పడి ఉంటే "ఎగుమతులు లేవు" అన్న మాట నిలవదు. తగ్గి ఉంటే రైతు నిలదీయవలసింది యార్డును కాదు, ఢిల్లీని.

7. జవాబును ఎవరు చదువుతున్నారు?

రాతపూర్వక జవాబులు ఉభయ సభల వెబ్‌సైట్లలో అందరికీ అందుబాటులో ఉంటాయి, ఇంగ్లీషులో, హిందీలో. తెలుగులో ఉండవు. ఎవరి పంట గురించి ప్రశ్న వేశారో ఆ రైతుకు జవాబు చేరేది పత్రికలో నాలుగు వరుసల వార్తగా మాత్రమే. ఆ వార్తలో పట్టికలు ఉండవు, అనుబంధాలు ఉండవు. జవాబు వచ్చిందన్న కబురు ఊరికి చేరుతుంది గాని జవాబు చేరదు.

నిఘా అంటే అడగడం ఒక్కటే కాదు. వచ్చిన జవాబును సరిచూడడం అందులో రెండో సగం. మొదటి సగం సభ్యులది. రెండో సగానికి ఇంతవరకు యజమాని లేడు. పొలం పనో, దుకాణమో, ఉద్యోగమో చేసుకుంటూ ఈ పాఠాలు చదువుతున్న మీరు ఆ పనికి తగినవారు. మీ ఊరి పంట మీద వచ్చిన ఒక్క జవాబును తెలుగులో రాసి, ఏ భాగానికి జవాబు రాలేదో గుర్తుపెట్టి, పదిమంది కూర్చునే చోట చదివి వినిపించండి. ఆ తరువాత మీ సభ్యుడికి పంపే ప్రశ్న మునుపటిలా ఉండదు.

సారాంశం

రాతపూర్వక ప్రశ్న తేదీతో కూడిన బాధ్యతాయుతమైన రికార్డును సృష్టిస్తుంది. పంటకు సంబంధించిన అధికారాలు శాఖల మధ్య, కేంద్ర రాష్ట్రాల మధ్య చీలి ఉన్నందున నిజమైనా నిరుపయోగమైన జవాబులకు వీలు కలుగుతోంది. స్థలం, కాలం, పోలిక ఉన్న ప్రశ్న ఆ వీలును తగ్గిస్తుంది. జవాబును ప్రజల భాషలో చదివి సరిచూసినప్పుడే నిఘా పూర్తవుతుంది.

మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. పది వాక్యాల్లో సమాధానం రాయండి.
1. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నల ప్రయోజనాలు, పరిమితులు వివరించండి.
2. ప్రభుత్వ హామీల కమిటీ పాత్ర ఏమిటి?

II. ముప్పై వాక్యాల్లో సమాధానం రాయండి.
1. పసుపు బోర్డు విషయంలో వాణిజ్య శాఖ జవాబును, తరువాతి పరిణామాలను విమర్శనాత్మకంగా చర్చించండి.
2. మీ ప్రాంతంలోని ఒక పంటను తీసుకుని, దానికి సంబంధించిన అంశాలు ఏయే శాఖల పరిధిలోకి వస్తాయో గుర్తించి, ఒక్కొక్క శాఖకు ఒక రాతపూర్వక ప్రశ్నను తయారుచేయండి.