సుద్దముక్క ఎవరి చేతిలో ఉండాలి?

1599లో క్యాథలిక్ సన్యాస సంఘమైన జెసూట్ల ఫాదర్లు తమ కళాశాలలన్నిటికీ కలిపి ఒక బోధనా నియమావళి తెచ్చారు. పేరు రేషియో స్టుడియోరుం. అందులో లెక్కల మాస్టారికి దక్కినవి మూడే నియమాలు. భౌతికశాస్త్రం చదివేవాళ్లకు రోజూ ముప్పావు గంట యూక్లిడ్ చెప్పాలి, రెండు నెలలయ్యాక దానికి కొంత భూగోళమో ఖగోళమో కలపాలి. నెలకోసారి, మామూలుగా శనివారం, కొత్త పాఠం ఆపి అయిన పాఠాన్ని అందరి ముందూ తిరగేయించాలి. ఇంకొకటి, నెలకో రెండు నెలలకో ఒక విద్యార్థి లేచి, తత్వశాస్త్రం, దైవశాస్త్రం చదివేవాళ్లంతా కూర్చున్న నిండు సభలో, పేరున్న గణిత సమస్యను విప్పి చూపాలి.

ఇంటర్ పిల్లలకు ఏళ్ల తరబడి లెక్కలు చెబుతున్నాను. బోధన గురించి చదివినవాటిలో ఈ చివరి నియమంలా నన్ను పట్టుకున్నది మరొకటి లేదు. లెక్క చేయడం వేరు, చేసిన లెక్కను పదిమంది ముందు నిలబడి ఒప్పించడం వేరు. నోట్సులో జవాబు సరిగ్గా రాసిన అమ్మాయే బోర్డు దగ్గర మూడో స్టెప్పులో ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో ముందు తనకే తెలుస్తుంది, ఆ తెలియడంలోనే సగం చదువు ఉంది. మన కోచింగ్ తరగతుల్లో పొద్దుటి నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా సుద్దముక్క మాస్టారి చేయి దాటదు. నాలుగు ఆప్షన్లలో ఒకటి దిద్దే పిల్లవాణ్ని ‘అదే ఎందుకు?’ అని అడిగేవారు లేరు. అంత కష్టపడే పిల్లలకు ఇది అన్యాయమని నా నమ్మకం.

జెసూట్ల బడుల్లో గణితానికి ఆ మాత్రం చోటు దొరకడం వెనుక క్రిస్టఫర్ క్లావియస్ పోరాటం ఉంది. 1538లో జర్మనీలోని బాంబెర్గ్‌లో పుట్టి, రోమ్‌లోని జెసూట్ కళాశాల కొలేజియో రొమానోలో దశాబ్దాల పాటు గణితం చెప్పారాయన. ఆయన వ్యాఖ్యానంతో 1574లో అచ్చయిన యూక్లిడ్ గ్రంథం యూరప్ అంతటా పాఠ్యగ్రంథమైంది. అయినా లెక్కల మాస్టారంటే అప్పట్లో చిన్నచూపే. గణితం అసలు శాస్త్రమే కాదని తత్వశాస్త్రం చెప్పేవాళ్లు విద్యార్థుల ముందే అనేవారు. సభలకూ చర్చలకూ మిగతా ఆచార్యులతో పాటు గణితం చెప్పేవారినీ పిలవాలని క్లావియస్ పెద్దలకు రాసిచ్చారు. గురువును లక్ష్యపెట్టని చోట ఆయన చెప్పే విద్యనూ పిల్లలు లక్ష్యపెట్టరని ఆయన వాదన. ఆయన నిలబెట్టిన ఆ చదువు ఏం సాధించిందో చూడండి. ఆయన శిష్యుడు మటెయో రిచ్చి, చైనా పండితుడు శ్యూ గ్వాంగ్‌చీతో కలిసి 1607లో యూక్లిడ్ మొదటి ఆరు భాగాలను చైనా భాషలోకి తెచ్చాడు. 1611లో గెలీలియో దుర్భిణిలో చూసినవి నిజమేనని కొలేజియో గణితజ్ఞులు తామూ చూసి చెప్పారు.

ఇంత చేసిన సంస్థే 1632లో, రేఖ విడదీయలేని సూక్ష్మాంశాలతో ఏర్పడిందన్న భావనను తన బడుల్లో బోధించకూడదని నిషేధించింది. కలన గణితం రాబోయేది ఆ దారినే. క్లావియస్ మీద ఎంత గౌరవమున్నా ఈ నిషేధాన్ని నేను సమర్థించలేను. ఏ ప్రశ్న అడగాలో పైనుంచి నిర్ణయించిన రోజున బోర్డు దగ్గర నిలబడ్డ విద్యార్థికి చెప్పడానికి ఏం మిగులుతుంది?

మన వైపుకు ఈ సంప్రదాయపు మంచిని తెచ్చినవారిలో ఫాదర్ చార్లెస్ రసీన్‌ను తలచుకోవాలి. ఫ్రాన్స్‌లో గణితజ్ఞుడు ఎలీ కార్టన్ దగ్గర పరిశోధన చేసిన ఈ జెసూట్ 1937లో భారతదేశానికి వచ్చారు. మొదట తిరుచ్చిలో, తర్వాత మద్రాసు లయోలా కళాశాలలో చెప్పారు. పరీక్షల కోసం తిప్పితిప్పి చేయించే కేంబ్రిడ్జ్ తరహా లెక్కల మధ్య, ఫ్రాన్స్‌లో అప్పుడప్పుడే రూపుదిద్దుకుంటున్న కొత్త గణితాన్ని పిల్లల ముందు పెట్టారు. ఎం.ఎస్. నరసింహన్, సి.ఎస్. శేషాద్రి ఆయన శిష్యులే. 1965 నాటి సిద్ధాంతం ఒకటి ఈ ఇద్దరి పేర్లతోనే ప్రపంచానికి తెలుసు.

ఆయన ప్రభావంలో ఎదిగిన మరొకరు ఎస్. మీనాక్షిసుందరం. తర్వాత వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. స్వీడన్ గణితజ్ఞుడు ప్లేయెల్‌తో కలిసి 1949లో ఆయన ప్రచురించిన పత్రాన్ని జ్యామితి పరిశోధకులు నేటికీ ఉదహరిస్తారు. విశాఖలో ఎమ్మెస్సీలో చేరే పిల్లలకు మొదటి వారంలోనే ఈ పేరు చెప్పాలని, ఆ పత్రంలో తమకు అందే ఒక్క పేజీనైనా వాళ్ల చేతే బోర్డు మీద చేయించాలని నా కోరిక.